పెరటి గుడ్లు మిగిలితే ఏం చేయాలి, ఆపద వేళకు ఇల్లు ఎలా సిద్ధం చేసుకోవాలి

వానాకాలం వెళ్లి చలి మొదలయ్యే వేళకు పెట్టలు బాగా గుడ్లు పెడతాయి. సరిగ్గా అప్పుడే కార్తీకమాసం. ఇంట్లో నీచు ముట్టరు. రోజుకు నాలుగైదు గుడ్లొచ్చినా వారం తిరిగేసరికి బుట్ట నిండిపోతుంది. ఇంకోవైపు ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు, వరదలు కూడా ఆ నెలల్లోనే. అందుకే కడప నుంచి, అనంతపురం నుంచి, కర్నూలు పల్లెల నుంచి నన్ను అడిగేవాళ్లందరిదీ ఒకటే మాట: "ఇన్ని గుడ్లున్నాయి కదా, ఆపదకు దాచుకోవచ్చా? ఎట్ల దాచుకోవాలి?"

నా జవాబు ముందే చెప్తాను. మన ఎండలకు గుడ్డు నిల్వ సరుకు కాదు. కరెంటు పోతే ఫ్రిజ్‌లోని గుడ్డుకు గ్యారంటీ లేదు, వరదొస్తే బుట్టలోని గుడ్డుకు గ్యారంటీ లేదు. కాబట్టి మిగిలిన గుడ్లను ఎప్పటికప్పుడు తినండి, అమ్మండి, పొదిగించండి. ఆ డబ్బుతో పాడుకాని సరుకు కొని పెట్టుకోండి. ఆపద సంచీ నిండాల్సింది గుడ్లతో కాదు, గుడ్ల డబ్బుతో. గుడ్డును కొన్ని రోజులు క్షేమంగా ఉంచడం ఎలాగో మాత్రం ప్రతి ఇంటికీ తెలియాలి. ముందు అది చూద్దాం.

కావాల్సినవి

- గుడ్లు ఏరడానికి వెడల్పాటి బుట్ట, అడుగున మెత్తటి ఎండుగడ్డి
- పెన్సిల్
- రంగు వేయని మట్టికుండ, అది సగం దిగేంత వెడల్పు తొట్టి, శుభ్రమైన ఇసుక, పాత నూలు బట్ట
- మంచి వెలుతురున్న టార్చి (ఫోన్ లైటు కూడా చాలు)
- చిన్న గిన్నె, గుడ్డు పగలగొట్టి చూసుకోవడానికి
- ఫ్రిజ్ ఉంటే మూత ఉన్న డబ్బా

1. రోజుకు రెండుసార్లు ఏరండి

పొద్దున పది, పదకొండు గంటల మధ్య ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎండాకాలంలో మధ్యాహ్నం ఇంకోసారి చూస్తే మరీ మంచిది. రేకుల కొట్టం కింద ఏప్రిల్, మే నెలల్లో వేడి ఎంతుంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అందులో సాయంత్రం దాకా ఉన్న గుడ్డు రెండు రోజుల పాతదానితో సమానం.

మీ మందలో పుంజు ఉంటే ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. పుంజుతో కలిసిన పెట్ట గుడ్డులో పిండం ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపు అది నిద్రలోనే ఉంటుంది. వేడి 27 డిగ్రీలు దాటి అలాగే కొనసాగితే మెల్లగా ఎదగడం మొదలుపెడుతుంది. మన దగ్గర ఎండాకాలం రాత్రిపూట కూడా గదిలో అంతకంటే ఎక్కువే ఉంటుంది. మూడో రోజో నాలుగో రోజో పగలగొడితే ఎర్రటి నరాలు కనిపించేది ఇందుకే. తినే గుడ్లకు పుంజు అవసరం లేదు. అది లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది. వేరు చేయాలనుకుంటే ఫిబ్రవరి చివర్లోనే చేయండి, ఎందుకంటే పుంజును తీసేశాక కూడా రెండు మూడు వారాల దాకా పిండమున్న గుడ్లు వస్తూనే ఉంటాయి.

గూట్లో పరుపుగా మనవైపు చాలామంది చెనిక్కాయ (వేరుశనగ) పొట్టు వేస్తారు. పొడిగా ఉన్నంతకాలం అంతకన్నా మంచిది లేదు. తడిసిందంటే మాత్రం బూజు పడుతుంది. ఆ బూజు కోళ్ల ఊపిరితిత్తులకు చేటు, గుడ్డు పెంకుకూ చేటు. గుప్పెడు తీసి పిడికిట్లో నొక్కండి. చెయ్యి తెరవగానే విడిపోతే బాగుంది. ముద్దగా నిలిచినా, ముక్క వాసన వచ్చినా మొత్తం తీసేసి కొత్తది పోయండి.

2. మూడు రకాలుగా విడదీయండి

శుభ్రమైనవి ఒకచోట, కాస్త మురికి అంటినవి ఒకచోట, బీటలున్నవి ఒకచోట.

శుభ్రమైనవే నిల్వకు పనికొస్తాయి. మురికి అంటినవాటిని పొడిబట్టతో మెల్లగా తుడిచి రెండు రోజుల్లో వండేయండి. సన్న బీట ఉండి లోపలి పొర చెడని గుడ్డయితే అదే పూట బాగా ఉడికించుకోవచ్చు. సొన కారుతుంటే వద్దు, పారేయండి.

అందరూ చేసే తప్పు ఇక్కడే జరుగుతుంది. నిల్వ చేసే గుడ్లను కడగకండి. గుడ్డు పెంకు మీద కంటికి కనిపించని వేల రంధ్రాలుంటాయి. పెట్ట గుడ్డు పెట్టేటప్పుడే వాటిని మూసే సన్నటి పొర ఒకటి వస్తుంది. కడిగితే ఆ పొర పోతుంది. ముఖ్యంగా గుడ్డు కంటే చల్లగా ఉన్న నీళ్లలో వేస్తే పెంకు మీది మురికినీళ్లు లోపలికి లాగబడతాయి. కడగాలంటే వండే ముందు, కాస్త వెచ్చటి నీళ్లతో కడగండి. కడిగింది ఆ పూటే వాడేయండి.

3. తేదీ రాయండి

పెన్సిల్‌తో పెంకు మీద తేదీ వేయండి. రాసేటప్పుడు నెల కూడా వేస్తే గందరగోళం ఉండదు. బుట్టలో కొత్తవి అడుగుకు, పాతవి పైకి రావాలి. తేదీ లేని గుడ్డు దొరికితే, ఇంట్లో ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా, దాన్ని పాత గుడ్డు కిందే లెక్కవేయండి.

4. ఫ్రిజ్ లేకపోతే ఇసుక కుండ

మన వేడి పొడి వేడి. అందుకే తడి ఆరేటప్పుడు పుట్టే చల్లదనం ఇక్కడ బాగా పనిచేస్తుంది. తాగే నీళ్లకు కుండ పెట్టుకున్న ప్రతి ఇంటికీ ఇది తెలిసిన సంగతే.

తొట్టిలో నాలుగు అంగుళాల ఎత్తున ఇసుక పోసి బాగా తడపండి. దాని మీద కుండ పెట్టి, చుట్టూ కుండ సగం దాకా తడి ఇసుక నింపండి. కుండ లోపల అడుగున ఎండుగడ్డి పరవండి. గుడ్లను సన్న మొన కిందికి, లావు వైపు పైకి ఉండేట్టు పేర్చండి. గాలిగది లావు వైపు ఉంటుంది, అది పైకి ఉంటే పచ్చసొన మధ్యలో నిలుస్తుంది. కుండ మూతి మీద తడిబట్ట పిండి కప్పండి. నీడలో, గాలి ఆడేచోట పెట్టండి. వంటింట్లో పొయ్యి పక్కన, మూసి ఉన్న అటక మీద పెడితే లాభం లేదు. ఇసుక మీద పొద్దున, సాయంత్రం నీళ్లు చల్లాలి.

పనిచేస్తోందా లేదా ఎలా తెలుస్తుంది? రెండు పరీక్షలు. మధ్యాహ్నం మూడింటికి కుండలో చెయ్యి పెడితే బయటికంటే స్పష్టంగా చల్లగా తగలాలి. లోపలి గడ్డి పొడిగా ఉండాలి. గడ్డి తడిసినా, గుడ్ల మీద చెమట పట్టినా బూజు వస్తుంది. అప్పుడు గుడ్లు తీసి తుడిచి, గడ్డి మార్చి, నీళ్లు తగ్గించండి.

తుఫాను ముసురు పట్టినప్పుడు ఈ కుండ పనిచేయదు. గాలిలోనే తడి ఉంటే ఇసుకలో తడి ఆరదు. ఆపద రోజులకు ఇదొక్కటే నమ్ముకోవద్దు అనడానికి ఇదే కారణం.

నేను పాటించే లెక్క ఇది. ఎండాకాలం మామూలు గదిలో రెండు మూడు రోజులు. ఇసుక కుండలో వారం. చలికాలం గదిలో వారం, మహా అంటే పది రోజులు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు వారాలు.

సున్నపు నీళ్ల సంగతి చాలామంది అడుగుతారు. సున్నపు తేటలో గుడ్లు ముంచి ఆరబెడితే పెంకు రంధ్రాలు పూడి కొన్ని వారాలు నిలుస్తాయన్నది నిజమే, పాత పద్ధతే. కానీ సున్నం బయటి రంధ్రాలను మూస్తుందే తప్ప అప్పటికే లోపలికి చేరిన క్రిములను చంపదు. 40 డిగ్రీల ఊళ్లో ఆ గుడ్డును నెల దాటాక పిల్లలకు పెట్టమని నేను చెప్పలేను. పైగా రాతిసున్నం నీళ్లలో వేస్తే కుతకుత ఉడికి చిందుతుంది, కంట్లో పడితే చూపుకే ముప్పు. మిగిలిన గుడ్లు అమ్ముకునే దారి ఉన్నప్పుడు ఇంత కష్టం అక్కర్లేదు.

5. ఫ్రిజ్ ఉంటే

తలుపులోని గుంతల్లో కాకుండా లోపలి అరలో, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. తలుపు తీసినప్పుడల్లా వేడిగాలి తగిలేది తలుపు అరకే. ఒకసారి ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డును బయట పెట్టి మళ్లీ లోపల పెట్టకండి. చల్లటి పెంకు మీద చెమట పడుతుంది, ఆ తడితో క్రిములు లోపలికి దారి చేసుకుంటాయి.

ఉడికించిన గుడ్లు పెంకుతోనే ఫ్రిజ్‌లో వారం దాకా ఉంటాయి. బయటయితే రెండు గంటలు, 32 డిగ్రీలు దాటిన వేడిలో గంట మాత్రమే. తిరుపతికో శ్రీశైలానికో పోతూ పొద్దున ఉడికించిన గుడ్లు మధ్యాహ్నం బస్సులో తినడం ప్రమాదం. ప్రయాణంలో మీ కడుపు చెడిన సందర్భాలు గుర్తు చేసుకోండి, కొన్నిటికి ఇదే కారణమై ఉండొచ్చు.

ఫ్రీజర్‌లో పెట్టాలంటే పెంకుతో వద్దు, పగులుతుంది. పగలగొట్టి, తెల్లసొన పచ్చసొన కలిసేలా గిలక్కొట్టి, చిటికెడు ఉప్పు కలిపి ఐసు ట్రేలో పోయండి. ఉప్పు లేకపోతే పచ్చసొన జిగటగా గడ్డకట్టి తర్వాత కలవదు. గట్టిపడ్డాక ముక్కలు తీసి కవర్లో వేసి తేదీ రాయండి. వాడేటప్పుడు ఫ్రిజ్ కింది అరలో కరగనిచ్చి అదేరోజు వండేయాలి. అట్టుకు, పొరటుకు బాగుంటుంది.

6. వండే ముందు చూసుకోండి

చీకటి గదిలో గుడ్డు లావు వైపు టార్చి ఆనించండి. తాజా గుడ్డులో గాలిగది చిన్న రూపాయి బిళ్లంత కూడా ఉండదు, మిగతాదంతా ఒకేలా వెలుగుతుంది. గాలిగది పెద్దదైతే పాతది. సాలెగూడులా ఎర్రగీతలుంటే పిండం ఎదుగుతోంది. లోపల నల్లటి ముద్ద కదులుతుంటే దూరంగా పారేయండి.

నీళ్ల పరీక్ష అందరికీ తెలుసు: అడుగున పడుకుంటే తాజాది, నిలబడితే పాతది, తేలితే పారేయాలి. ఇక్కడ ఒక అపోహ ఉంది. నీళ్ల పరీక్ష గుడ్డు వయసు చెప్తుందే కానీ ఆరోగ్యం చెప్పదు. నిన్న పెట్టిన గుడ్డులో కూడా వాంతులు, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా క్రిమి ఉండొచ్చు, ఆ గుడ్డు చక్కగా మునుగుతుంది. అందుకే ఏ గుడ్డయినా తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడేదాకా ఉడకాలి. చిన్నపిల్లలకు, గర్భిణులకు, పెద్దవాళ్లకు, జ్వరంతో ఉన్నవాళ్లకు పచ్చిగుడ్డు, సగం ఉడికిన గుడ్డు పెట్టొద్దు. "నాటుగుడ్డు పచ్చిగా తాగితే బలం" అని పెద్దవాళ్లు అంటే గట్టిగానే కాదనండి. ఉడికిన గుడ్డులోని మాంసకృత్తులే ఒంటికి బాగా పడతాయి.

చివరి పరీక్ష గిన్నెలో. ప్రతి గుడ్డునూ విడిగా చిన్న గిన్నెలో కొట్టి, వాసన చూసి, తర్వాతే పెద్ద గిన్నెలో వేయండి. ఒక్క కుళ్లు గుడ్డు మిగతా అన్నిటినీ పాడుచేస్తుంది.

7. మిగిలినవి ఇలా కదిలించండి

ముందు వంట. సంగటిలోకి గుడ్డు పులుసు, ఎర్రగడ్డలు ఎక్కువేసి పొరటు, జొన్నరొట్టెలోకి గుడ్డుకారం. ఇవి మీకు నేను నేర్పక్కర్లేదు.

పచ్చడి గురించి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ప్రాణాపాయం ఉంది. పన్నెండు నాటుగుడ్లు గిలక్కొట్టి ఉప్పు, పసుపు కలిపి, నూనె రాసిన గిన్నెలో పోసి ఇడ్లీలా ఆవిరి మీద ఉడికించండి. మధ్యలో పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. పూర్తిగా చల్లారాక చిన్న ముక్కలు కోసి చెనిక్కాయ నూనెలో అంచులు ఎర్రబడేదాకా వేయించండి. పొయ్యి ఆపి, నూనె గోరువెచ్చగా ఉన్నప్పుడు దంచిన తెల్లగడ్డ, కారం, ఉప్పు, ఆవపిండి, కొద్దిగా మెంతిపిండి కలపండి. పూర్తిగా ఆరాక నిమ్మరసం పిండండి. వేడి మీద పిండితే చేదెక్కుతుంది.

దీన్ని ఫ్రిజ్‌లోనే పెట్టాలి, వారం పది రోజుల్లో అయిపోవాలి. మామిడికాయ ఆవకాయలా ఏడాది నిలుస్తుందనుకోవద్దు. మామిడికాయలో పులుపు ముక్కలోనే ఉంటుంది. గుడ్డు ముక్క లోపలికి పులుపు సరిగా దిగదు. పైన నూనె ఉండటంతో గాలి తగలదు. గాలి లేని, పులుపు లేని, వెచ్చటి చోట బొటులినమ్ అనే క్రిమి విషం పుట్టిస్తుంది. రంగు మారకపోవచ్చు, వాసనా రాకపోవచ్చు. 1997లో అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో ఇంట్లో ఊరబెట్టి బయట ఉంచిన గుడ్లు తిన్న మనిషికి సరిగ్గా ఈ విషం వల్లే జబ్బు వచ్చింది. ఆపద సంచీలో గుడ్డు పచ్చడి సీసా పెట్టుకుందామన్న ఆలోచన ఉంటే మానేయండి.

గుడ్డును గిలక్కొట్టి ఎండలో ఎండబెట్టి పొడి చేసుకోవడం కూడా వద్దు. అంగట్లో దొరికే గుడ్డు పొడిని ఫ్యాక్టరీలో క్రిములు చచ్చేలా వేడిచేసి, క్షణాల్లో ఆరబెడతారు. మిద్దె మీద ఎండ ఆ పని చేయలేదు, ఆరేలోపు క్రిములకే మేత అవుతుంది.

పొదిగించడం మంచి దారి. పొదుగుకు కూర్చున్న పెట్ట కింద వారం లోపు గుడ్లు పది పన్నెండు పెట్టండి. ఏడో రోజు రాత్రి టార్చితో చూసి నరాలు లేనివి తీసేయండి. 21వ రోజుకు పిల్లలొస్తాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. మార్చి దాటితే మన వేడికి పిగిలే గుడ్లు తగ్గిపోతాయి. ఒక మాట: వనరాజా, గ్రామప్రియ వంటి రకాలు సొంతంగా పొదగవు, వాటి గుడ్లను నాటుపెట్ట కింద పెట్టాలి. వాటి పిల్లలు తల్లుల్లాగే గుడ్లు పెడతాయన్న ఆశ కూడా వద్దు, అవి సంకర రకాలు.

మిగతావి అమ్మండి. వీధిలో బాలింత ఉంటే, చదువుకునే పిల్లలున్న ఇల్లుంటే ముందు వాళ్లను అడగండి. వారానికి పన్నెండు గుడ్లు మిగిలాయనుకుందాం. ఒక్కోటి పది రూపాయలకే ఇచ్చినా నెలకు ఐదు వందల దాకా వస్తుంది. ఆ డబ్బు వేరే డబ్బాలో వేయండి. తర్వాతి మెట్టు దానితోనే.

8. గుడ్ల డబ్బుతో ఆపద సంచీ

మనది కరువు సీమ, వరదలు మనకెందుకొస్తాయి అనుకునే రోజులు పోయాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. చుట్టూ నీళ్లే, తాగడానికి గుక్కెడు లేవు. 2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున, చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట దగ్గరి పల్లెలను నిద్రలోనే ముంచేసింది. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక పొంగి కాలనీలు నీళ్లలో నిలిచాయి. ఇలాంటప్పుడు ఇల్లు వదలాల్సిన వాళ్లకు సర్దుకునే వ్యవధి ఉండదు.

నలుగురున్న ఇంటికి మూడు రోజుల లెక్క:

- నీళ్లు: తాగడానికి, వంటకు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు. మొత్తం 48 లీటర్లు, అంటే మూడు 20 లీటర్ల క్యాన్లు. నీళ్లు శుద్ధి చేసే క్లోరిన్ బిళ్లలు ఒక అట్ట
- తిండి: బొరుగులు రెండు కిలోలు, పప్పుల పొడి అరకిలో, చెనిక్కాయల చిక్కీ కిలో, బెల్లం, అటుకులు, ఎర్రకారం సీసా, గట్టిగా కాల్చి ఎండబెట్టిన జొన్నరొట్టెలు, పాలపొడి
- మందులు: రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలు పది రోజులకు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పది, జ్వరం మాత్రలు, దూది, కట్టు, డెట్టాల్
- టార్చి, విడి సెల్లు, పవర్ బ్యాంకు, విజిలు, తాడు, చాకు, ప్లాస్టిక్ కవర్లో అగ్గిపెట్టె
- ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాస్‌బుక్కు, బ్యాంకు పుస్తకాల జిరాక్సులు నీళ్లు దూరని కవర్లో
- చిన్న నోట్లుగా కొంత డబ్బు. కరెంటు లేకపోతే ఫోన్‌పే ఉండదు

ఒకేసారి కొనక్కర్లేదు. మొదటి నెల గుడ్ల డబ్బుతో క్యాన్లు, బిళ్లలు. రెండో నెల టార్చి, మందులు. మూడో నెల తిండి. నీళ్లు ముందెందుకంటే, తిండి లేకుండా మనిషి రోజులు ఓర్చుకుంటాడు. మే నెల ఎండలో నీళ్లు లేకుండా ఒక్కరోజు కూడా కష్టం.

ఇందులో గుడ్లు ఎందుకు లేవో ఇప్పటికి తెలిసే ఉంటుంది. మాంసకృత్తుల కోసం చిక్కీ, పప్పుల పొడి, పాలపొడి ఉన్నాయి. అవి పగలవు, కుళ్లవు, వండే పనిలేదు.

ఓఆర్ఎస్ అయిపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచా, తల కొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. కలిపాక రుచి చూడండి, కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. ఒక రోజు దాటితే పారబోసి కొత్తది కలపండి.

9. కరెంటు పోయినప్పుడు

టైము రాసుకోండి. తలుపు తీయకపోతే ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. సగం నిండిన ఫ్రీజర్ ఒక రోజు ఆగుతుందంటారు కానీ మన ఎండాకాలంలో అంత నమ్మకం పెట్టుకోవద్దు.

నాలుగు గంటలు దాటేలా ఉంటే ముందుగా కరుగుతున్న గుడ్డు ముక్కలు వండేయండి. తర్వాత ఉడికించిన గుడ్లు, పచ్చడి తినేయండి. పచ్చిగుడ్లకు ఇంకాస్త సమయం ఉంటుంది, వాటిని ఆ రోజే ఉడికించి ఇంటిల్లిపాదీ తినండి, ఎక్కువుంటే పక్కింటికి పంచండి. మరుసటి రోజుకు దాచకండి.

10. వరద హెచ్చరిక వస్తే కోళ్లు

కోళ్లను గంప కింద మూసి, గూడుకు గొళ్లెం పెట్టి వెళ్లిపోకండి. ఎప్పుడు వరదొచ్చినా మూసిన గూళ్లలోనే కోళ్లు చనిపోతాయి. సమయముంటే మిద్దె మీదికి చేర్చి, పైన పట్ట కట్టి, ఒక తొట్టి నీళ్లు, గింజలు పెట్టండి. సమయం లేకపోతే తలుపు తీసి వదిలేయండి. ముందు మనుషులు.

పెద్దకోడికి రోజుకు వంద గ్రాముల పైచిలుకు మేత కావాలి. ఆరు కోళ్లకు పది రోజులకు ఆరేడు కిలోల సజ్జలో, జొన్నలో, నూకలో మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఎత్తు మీద పెట్టుకోండి. తడిసిన మేత పెట్టకండి, బూజు విషం కోడికీ, దాని గుడ్డు తినే మనకూ మంచిది కాదు.

వరదనీళ్లు తగిలిన గుడ్డును కడిగినా, ఉడికించినా తినొద్దు. ఆ నీళ్లలో మురుగుకాలువ, పురుగుమందు, పెట్రోలు అన్నీ కలిసి ఉంటాయి. నీళ్లు తీశాక గూటిలో పాత పరుపంతా ఎత్తిపోసి, సున్నం చల్లి, రెండు రోజులు ఎండనిచ్చి కోళ్లను వదలండి. భయపడిన కోళ్లు కొన్ని రోజులు గుడ్లు పెట్టవు, అది జబ్బు కాదు. ముక్కు కారడం, మెడ తిరగడం, పచ్చటి రెట్ట, వరసగా చావులు కనిపిస్తే మాత్రం కొక్కెర తెగులో (రాణిఖెట్ జబ్బు) మరొకటో అయి ఉండొచ్చు. ఆ కోళ్లనూ గుడ్లనూ తినకండి, అమ్మకండి, చచ్చినవి ఉత్తచేతులతో ముట్టకండి, పశువుల ఆసుపత్రికి చెప్పండి. కోళ్లకు ఏ మందు వేయించినా ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో డాక్టరును అడిగి గోడ మీద రాసుకోండి.

11. నెలకోసారి పదిహేను నిమిషాలు

అమావాస్య అయినా, జీతం రోజయినా, ఇంట్లో మరిచిపోని ఒక రోజు పెట్టుకోండి. క్యాన్లలో నీళ్లు మార్చండి, పాతవి చెట్లకు పోయండి. టార్చి వేసి చూడండి. సెల్లు టార్చిలోంచి తీసి పక్కన పెట్టండి, లోపలే ఉంటే కారి పాడవుతుంది. బొరుగులు మెత్తబడితే ఆ వారమే ఉగ్గాని చేసుకుని కొత్తవి నింపండి. చిక్కీ చేదెక్కిందేమో ఒక ముక్క తిని చూడండి. మాత్రల మీద తేదీ చదవండి. గుడ్ల డబ్బాలో ఎంతుందో లెక్కపెట్టి ఏది తగ్గితే అది రాసుకోండి.

ఈ నంబర్లు ఫోన్‌లోనే కాదు, ముందు తలుపు వెనక పెద్ద అక్షరాలతో రాసి అతికించండి. చదవడం వచ్చిన పిల్లలకు ఒకసారి చదివించండి.

- ఏ ఆపదకైనా 112
- అంబులెన్సు 108
- అగ్నిమాపకం 101
- రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూము 1070, జిల్లాది 1077
- కరెంటు తీగ తెగిపడితే 1912
- పశువులకు, కోళ్లకు 1962